ఎగ్జిట్ 30

2006 ఆగస్టులో నేను ఎంఎస్ చేయడానికి అమెరికాలో, నార్త్ కరోలినా రాష్ట్రంలోని షార్లెట్‌లో దిగాను. అదే నెలలో, అక్కడికి 20 మైళ్ల దూరంలో ఉన్న డేవిడ్‌సన్ కాలేజీలో ఒక పద్దెనిమిదేళ్ల కుర్రాడు ఫస్టియర్‌లో చేరాడు. పేరు స్టెఫెన్ కర్రీ. ఎన్‌బీఏలో, అంటే అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్‌లో నాలుగు టైటిళ్లు, పారిస్ ఒలింపిక్స్ స్వర్ణం వచ్చాక ఇప్పుడు అతన్ని ఎరగనివాళ్లు తక్కువ. నేను రాయాలనుకున్నది మాత్రం అవన్నీ రాకముందు మూడేళ్ల గురించి. ఆ మూడేళ్లు నా బతుకులోనూ పెద్దవే. అందుకే ఒకటి తలచుకుంటే రెండోది దానంతటదే వచ్చేస్తుంది.

అప్పటికి నాకు బాస్కెట్‌బాల్ తెలియదు. గుంటూరు జిల్లాలో నేను చదివిన ఇంజినీరింగ్ కాలేజీలో ఒక కోర్టు ఉండేది గానీ రింగులకు వలలు ఉండేవి కావు, వాటి కింద లెక్చరర్లు బండ్లు పెట్టుకునేవాళ్లు. మాకు ఆటంటే క్రికెట్, సాయంత్రాలు కాస్త వాలీబాల్. నాకు ఈ ఆట నేర్పింది యూనివర్సిటీ డైనింగ్ హాల్లో నాతోపాటు గిన్నెలు కడిగిన ఒక పెద్దాయన.

అరవై దాటిన నల్లజాతి మనిషి. షార్లెట్‌లోనే పుట్టి పెరిగాడు. నేను ప్లేట్లలో ఎంగిలి దులిపి ట్రేలో సర్ది మిషన్‌లోకి తోస్తే, ఆయన అవతలి వైపు నుంచి పొగలు కక్కే ట్రేని లాగేవాడు. ఇంట్లో ఏనాడూ నా కంచం నేను తీసి ఎరగను. మొదటివారం ఆ వాసనకి అన్నం సయించలేదు. ఆయన అది కనిపెట్టాడేమో, నన్ను మాటల్లో పెట్టడం మొదలుపెట్టాడు. ఆ మాటలన్నీ బాస్కెట్‌బాలే.

ఆయన తలమీద ఎప్పుడూ ఒక పాత టోపీ ఉండేది. నెమలికంఠం రంగు, ముందు వైపు వెలిసిపోయిన కందిరీగ బొమ్మ. అది షార్లెట్ హార్నెట్స్ జట్టు టోపీ. ఆ జట్టు 2002లో ఊరు వదిలి న్యూ ఓర్లీన్స్ వెళ్లిపోయింది. తర్వాత రెండేళ్లకు బాబ్‌క్యాట్స్ అనే కొత్త జట్టు వచ్చినా ఆయన మనసు దానికి అతుక్కోలేదు. హార్నెట్స్‌లో ఆయనకు ఇష్టమైన ఆటగాడు డెల్ కర్రీ. పదేళ్లు ఈ ఊళ్లో ఆడాడు, దూరం నుంచి బంతి వేస్తే గురి తప్పేది కాదు. మ్యాచ్‌కి ముందు డెల్ ప్రాక్టీస్ చేస్తుంటే పక్కనే అతని చిన్నకొడుకు తనకంటే పెద్ద బంతి పట్టుకుని రింగు మీదకి విసురుతుండేవాడట. ఆ బుడ్డోడే ఇప్పుడు డేవిడ్‌సన్‌లో ఆడబోతున్నాడని చెప్పి, "స్టీఫెన్ కాదు, స్టెఫెన్ అనాలి" అని నా ఉచ్చారణ సరిచేశాడు. ఆ ఇంటిపేరు మా రూమ్మేట్లకు చెబితే నమ్మలేదు. "కర్రీనా? మనవాడేనేమో చూడు మామా" అన్నాడు మా వెంకన్నపాలెం వాడు. (వాడి అసలు పేరు రాస్తే ఒప్పుకోడు. ఊరి పేరుతోనే పిలుస్తా.)

ఆ పిల్లాణ్ణి పెద్ద కాలేజీలేవీ తీసుకోలేదు. ఆరడుగులు, బక్కపలచటి ఒళ్లు, చూస్తే పదో తరగతి పిల్లాడి మొహం. తల్లి సోన్యా, తండ్రి డెల్ ఇద్దరూ చదివింది, ఆడింది వర్జీనియా టెక్‌లో. ఆ కాలేజీ కూడా స్కాలర్‌షిప్ ఇవ్వలేదు, కావాలంటే సొంత ఖర్చుతో వచ్చి జట్టులో చేరమంది. హైస్కూల్లో అతను బంతిని నడుము దగ్గర్నుంచి విసిరేవాడు. పొడుగు వాళ్ల ముందు అది సాగదని తండ్రి ఒక వేసవంతా కూర్చోబెట్టి, తలపైనుంచి వేసేలా మొత్తం మార్పించాడు. కొన్నాళ్లు దగ్గర్నుంచి కూడా బంతి పడేది కాదట. ఆ వేసవి గురించి తలచుకున్నప్పుడల్లా కష్టంగానే చెబుతాడు కర్రీ.

డేవిడ్‌సన్ కోచ్ బాబ్ మెకిల్లప్ అతన్ని చిన్నప్పుడే చూశాడు. తన కొడుకూ ఈ పిల్లాడూ ఒకే బేస్‌బాల్ జట్టులో ఆడేవాళ్లు. తర్వాత లాస్ వేగాస్‌లో ఒక టోర్నమెంట్‌లో చూడ్డానికి వెళ్తే ఆ రోజు కర్రీ ఘోరంగా ఆడాడు. మెకిల్లప్ చూసింది ఆటని కాదు. తప్పు చేశాక మొహం ఎలా పెట్టాడు, బెంచి మీద కూర్చున్నప్పుడు తోటివాళ్ల కోసం లేచి చప్పట్లు కొట్టాడా లేదా అన్నది. ఇది నాకు చాలా ఇష్టమైన సంగతి.

కాలేజీలో అతని మొదటి మ్యాచ్ ఈస్టర్న్ మిషిగన్ మీద. 13 టర్నోవర్లు. అంటే 13 సార్లు బంతిని చేతులారా పోగొట్టాడు. పెద్దాయన మర్నాడు పేపర్లో స్కోరు చూపించి నుదురు కొట్టుకున్నాడు. తర్వాతి మ్యాచ్ మిషిగన్ మీద. కోచ్ మళ్లీ అతన్నే దింపాడు. 32 పాయింట్లు కొట్టాడు. అదే రోజుల్లో నాకు అల్గారిథమ్స్ మిడ్‌టర్మ్‌లో 100కి 41 వచ్చాయి. నాన్న మిర్చి అమ్మి కట్టిన ఫీజు గుర్తొచ్చి రెండు రోజులు ఇంటికి ఫోన్ చేయలేదు, కాలింగ్ కార్డులో నిమిషాలు ఉన్నా. పెద్దాయనకు చెబితే ఒక్కటే అన్నాడు: "పదమూడు. గుర్తుపెట్టుకో." ఆ సెమిస్టర్ అంతా నేను డీలా పడినప్పుడల్లా ట్రే లాగుతూ "పదమూడు" అనేవాడు.

మొదటి ఏడాది సగటున మ్యాచ్‌కి 21.5 పాయింట్లు చేశాడు కర్రీ. జట్టు ఎన్‌సీఏఏ టోర్నమెంట్‌కి, అంటే దేశంలోని కాలేజీ జట్ల పెద్ద పోటీకి వెళ్లింది, మేరీలాండ్ చేతిలో మొదటి రౌండులోనే వెనక్కొచ్చింది.

రెండో ఏడాది మొదట్లో మాత్రం చూడలేకపోయాం. మెకిల్లప్ కావాలనే పెద్ద జట్లతో మ్యాచ్‌లు పెట్టుకున్నాడు. నార్త్ కరోలినా మీద నాలుగు పాయింట్ల తేడాతో ఓటమి, డ్యూక్ మీద ఆరు పాయింట్లతో, ఎన్‌సీ స్టేట్ మీద ఒకే ఒక్క పాయింట్‌తో. మా యూనివర్సిటీ జట్టు చేతిలో కూడా ఓడిపోయారు. ఆ రోజు మా క్యాంపస్‌లో సంబరం, డిష్ రూమ్‌లో మాత్రం మౌనం. నాలుగు గెలుపులు, ఆరు ఓటములు. ఆ తర్వాత ఏమైందో ఏమో, తమ కాలేజీల లీగ్ సదరన్ కాన్ఫరెన్స్‌లో ఆడిన 20 మ్యాచ్‌లూ గెలిచారు.

2008 ఫిబ్రవరిలో మొదటిసారి ప్రత్యక్షంగా చూశాను. వెంకన్నపాలెం వాడు అప్పుడే సెకండ్‌హ్యాండ్ కరోలా కొన్నాడు. ఐ-77 హైవే మీద ఉత్తరానికి పోతే, లేక్ నార్మన్ నీళ్లు కనబడే చోట డేవిడ్‌సన్‌కి దారి. ఆ ఎగ్జిట్ నంబరు 30. కర్రీ జెర్సీ మీద నంబరూ 30. ఇది యాదృచ్ఛికమే, తండ్రి నంబరనే కొడుకు తీసుకున్నాడు. అయినా ఆ ఆకుపచ్చ బోర్డు కనపడగానే కారులో అరిచాం.

డేవిడ్‌సన్ చిన్న కాలేజీ. అంతా కలిపి 1,700 మంది విద్యార్థులు. మా ఇంజినీరింగ్ కాలేజీయే దానికంటే పెద్దది. ఎర్ర ఇటుక భవనాలు, పెద్ద పెద్ద చెట్లు, ఒక్క మెయిన్ స్ట్రీట్. అక్కడ పరీక్షల్లో ఇన్విజిలేటర్లు ఉండరని, పిల్లలు మాట మీద రాస్తారని తెలిసి నోరు తెరిచాను. బెల్క్ అరీనాలో ఐదు వేల మంది పడతారు. మేం పైవరుసలో కూర్చున్నా ఆటగాళ్ల బూట్లు నేలకు రాసుకునే కీచు చప్పుడు వినిపించేది.

నేను బంతిని వదిలేసి అతన్నే చూశాను. టీవీలో అది కుదరదు, కెమెరా బంతి వెంట పోతుంది. చేతిలో బంతి లేనప్పుడు అతను అసలు నిలబడడు. ఒకణ్ణి చుట్టి, ఇంకొకడి వెనక దూరి, అటు బయల్దేరినట్టే చేసి ఇటు తిరిగి, తోటి ఆటగాడి భుజం రాసుకుంటూ బయటికొస్తాడు. అతన్ని కాపలా కాయాల్సినవాడు పావుగంటకే నడుం మీద చేతులు పెట్టుకుని ఎగశ్వాస పీలుస్తున్నాడు. అంత పరుగూ ఒక్క అర సెకను ఖాళీ కోసం. ఆ ఖాళీ దొరగ్గానే జేసన్ రిచర్డ్స్ నుంచి బంతి సరిగ్గా చేతుల్లోకి వచ్చేది. రిచర్డ్స్ పేరు ఇప్పుడు ఎవరూ తలచుకోరు. ఆ ఏడాది దేశం మొత్తంలో అందరికంటే ఎక్కువ అసిస్టులు, అంటే తోటివాడు బుట్టలో వేసేలా అందించే పాసులు, ఇచ్చింది అతనే.

మార్చి వచ్చింది. డేవిడ్‌సన్‌కి ఎన్‌సీఏఏ టోర్నమెంట్‌లో పదో సీడ్, అంటే తమ విభాగంలో పదో ర్యాంకు. మొదటి మ్యాచ్ రాలీలో, గొంజాగా మీద. కర్రీ 40 పాయింట్లు కొట్టాడు. దూరం నుంచి వేసి మూడేసి పాయింట్లు తెచ్చే త్రీ పాయింటర్లు పది వేస్తే ఎనిమిది పడ్డాయి. డేవిడ్‌సన్ ఈ టోర్నమెంట్‌లో ఒక మ్యాచ్ గెలవడం 1969 తర్వాత అదే మొదటిసారి.

రెండు రోజుల తర్వాత, ఈస్టర్ ఆదివారం, జార్జ్‌టౌన్‌తో. అది మా అపార్ట్‌మెంట్లో చూశాం. మా టీవీ ఎవరో ఖాళీ చేస్తూ బయట పెట్టేసిన డబ్బా టీవీ. కేబుల్ లేదు, కొమ్ముల యాంటెన్నా. వెంకన్నపాలెం వాడు కిటికీ దగ్గర దాన్ని పట్టుకుని నిలబడితేనే బొమ్మ స్థిరంగా వచ్చేది. జార్జ్‌టౌన్ రెండో సీడ్, వాళ్ల సెంటర్ రాయ్ హిబర్ట్ ఏడడుగుల రెండంగుళాలు. సెకండ్ హాఫ్ మొదట్లో డేవిడ్‌సన్ 17 పాయింట్లు వెనకబడింది. నేను లేచి పొయ్యి మీద పప్పు కలపడానికి వెళ్లిపోయాను. హాల్లోంచి అరుపు. ఒక త్రీ. మళ్లీ అరుపు. వచ్చి చూస్తే తేడా పదికి తగ్గింది. వెంకన్నపాలెం వాడికి చెయ్యి లాగేస్తోంది, దించితే బొమ్మ పోతుంది. ఇంకొకడు వెళ్లి వాడి మోచేతి కింద తన చెయ్యి ఆనించాడు. అలాగే ఇద్దరూ కిటికీ దగ్గర నిలబడి మెడలు తిప్పి ఆట చివరిదాకా చూశారు. సెకండ్ హాఫ్‌లోనే కర్రీ 25 కొట్టాడు. 74-70. పప్పు అడుగంటింది. ఆ మాడు వాసన ఇప్పటికీ నాకు జార్జ్‌టౌన్ మ్యాచ్ వాసనే.

తర్వాతి రెండు మ్యాచ్‌లు డెట్రాయిట్‌లో. డేవిడ్‌సన్ ట్రస్టీలు ఒక మంచి పని చేశారు. వస్తానన్న ప్రతి విద్యార్థికీ బస్సు, హోటల్, టికెట్ ఖర్చు తామే పెట్టుకున్నారు. పిల్లలు బస్సులెక్కి రాత్రంతా ప్రయాణం చేసి వెళ్లారు. విస్కాన్సిన్ మీద 73-56, కర్రీవి 33. ఎన్‌బీఏ స్టార్ లెబ్రాన్ జేమ్స్ వచ్చి ఆ మ్యాచ్ చూశాడు.

మార్చి 30 ఆదివారం, కాన్సస్‌తో. గెలిస్తే ఫైనల్ ఫోర్, అంటే సెమీస్. నాకు డ్యూటీ ఉంది. పెద్దాయనకు లేదు, అయినా వచ్చాడు. డైనింగ్ హాల్ టీవీ ముందు నిలబడ్డాం, చేతులకు గ్లవ్స్ అలాగే ఉన్నాయి. ఆ రోజు కర్రీకి బంతి పడలేదు. 16 త్రీలు వేస్తే నాలుగే. అయినా చివరి నిమిషంలో ఒకటి కొట్టి 59-57కి తెచ్చాడు. కాన్సస్ తర్వాతి ప్రయత్నం వృథా అయింది. ఇంకా దాదాపు 17 సెకన్లు, బంతి డేవిడ్‌సన్‌ది. ఒక్క త్రీ పడితే గెలుపు.

కర్రీ బంతి తీసుకుని ముందుకొచ్చాడు. ఖాళీ దొరకలేదు, ఇద్దరు మీద పడ్డారు. బంతి రిచర్డ్స్‌కి ఇచ్చాడు. రిచర్డ్స్ చాలా దూరం నుంచి వేశాడు. బంతి రింగుకి తగలకుండా బోర్డుకి కొట్టుకుని పక్కకి పోయింది. కాన్సస్ కోచ్ బిల్ సెల్ఫ్ మోకాళ్ల మీద కూలబడ్డాడు, అంత టెన్షన్ పడ్డాడు పాపం. వాళ్లే ఆ ఏడాది చాంపియన్లు.

అతనే వేయాల్సిందని ఇప్పటికీ వాదించేవాళ్లున్నారు. ఆ రాత్రి నేనూ అదే అన్నాను, కోపంగా. పెద్దాయన టోపీ తీసి తల నిమురుకుని, "ఇద్దరు వాడి మీదున్నారంటే ఎవడో ఒకడు ఖాళీగా ఉన్నట్టే కదా" అన్నాడు. ఇంకేం మాట్లాడకుండా వెళ్లి మిషన్ ఆన్ చేశాడు. కాసేపు నాకు ఆ జవాబు నచ్చలేదు.

2008 మేలో నా ఎంఎస్ అయిపోయింది. షార్లెట్ బ్యాంకుల ఊరు. మా సీనియర్లంతా చదువు అవగానే బ్యాంకుల ప్రాజెక్టుల్లోకి వెళ్లిపోయినవాళ్లే. మేం బయటికొచ్చేసరికి ఆ బ్యాంకులే కూలడం మొదలైంది. సెప్టెంబరు 8న నా ఓపీటీ, అంటే చదువయ్యాక స్టూడెంట్ వీసా మీదే ఉద్యోగం చేసుకోనిచ్చే గడువు, మొదలైంది. 90 రోజులు ఉద్యోగం లేకుండా ఉంటే స్టేటస్ పోతుందని ఆ ఏడాదే కొత్త రూలు పెట్టారు. గోడమీద క్యాలెండర్లో రోజులు కొట్టేసుకుంటూ వచ్చాను. ఇంటర్వ్యూ పిలుపు వచ్చేది, వారం తిరక్కుండా ఆ ఖాళీయే రద్దయిందని మెయిల్ వచ్చేది. ఇంటికి ఫోన్ చేసినప్పుడు మాత్రం "అంతా బాగానే ఉంది నాన్నా" అనేవాణ్ణి.

నవంబరు 25, నాకు 79వ రోజు. "ఇంట్లో కూర్చుని ఏం చేస్తావు, పద మామా" అని వెంకన్నపాలెం వాడు బెల్క్ అరీనాకి లాక్కెళ్లాడు. వాడి ఓపీటీ ఇంకా మొదలవలేదు. ఆ రోజు మ్యాచ్ మేరీలాండ్ లయోలాతో. కర్రీకి అది మూడో ఏడాది. రిచర్డ్స్ చదువు ముగించుకుని వెళ్లిపోయాడు కాబట్టి జట్టును నడిపే పని కూడా ఇతనిదే. వారం కిందటే ఓక్లహోమా మీద 44 కొట్టాడు.

లయోలా కోచ్ జిమ్మీ పాట్సోస్ ఒక వింత ఎత్తు వేశాడు. కర్రీ ఎక్కడికి పోతే అక్కడికి ఇద్దరు. బంతి అతని దగ్గర ఉన్నా లేకపోయినా, కోర్టుకి అవతలి కొసన ఉన్నా సరే, ఇద్దరు. మొదట్లో అందరికీ అర్థం కాలేదు. కర్రీ రెండు మూడుసార్లు పరుగెత్తి చూశాడు. తర్వాత నెమ్మదిగా వెళ్లి కోర్టు మూలన నిలబడ్డాడు. ఇద్దరు కాపలావాళ్లూ వెళ్లి అతని పక్కనే నిలబడ్డారు. ఇవతల డేవిడ్‌సన్‌వాళ్లు నలుగురు, లయోలా వాళ్లు ముగ్గురు. ఇంక చూడాలి. ఒకడు కాకపోతే ఇంకొకడు, ఎవడికి కావాలంటే వాడికి ఖాళీ. ఐదు వేల మంది కర్రీని చూడ్డానికి వచ్చారు, కర్రీ మూలన నిలబడి మిగతా నలుగుర్నీ చూస్తున్నాడు.

మళ్లీ మళ్లీ అదే. అతను వెళ్లడం, మూలన నిలబడటం. ఒక్కసారి కూడా చేతులు విసరలేదు, రిఫరీ వైపు చూడలేదు. తోటివాడు బుట్టలో వేసినప్పుడల్లా అక్కణ్ణుంచే చప్పట్లు కొట్టాడు. ఆట మొత్తంలో మూడుసార్లు వేశాడు, మూడూ పడలేదు. ఆ సీజన్‌లో సగటున 28.6 పాయింట్లతో దేశానికే మొదటివాడిగా నిలిచిన మనిషి ఆ రాత్రి సున్నాతో ఇంటికెళ్లాడు. డేవిడ్‌సన్ 78, లయోలా 48.

తిరిగొచ్చేటప్పుడు కారులో ఇద్దరం పెద్దగా మాట్లాడుకోలేదు. రెండు రోజులకు థాంక్స్‌గివింగ్. ఊరంతా మూసేసి ఉంది. వాడు వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ, వెనక్కి తిరక్కుండానే అన్నాడు: "కొలంబస్‌లో ఒక కంపెనీవాళ్లు నన్ను రమ్మన్నారు మామా, జావా ప్రాజెక్టు. నీ రెజ్యూమే పంపించా. నీ గురించి చెప్పా కూడా. నాకింకా టైముందిలే." వాడి ఓపీటీ మొదలయ్యేసరికి ఉద్యోగాలు ఇంకా అడుగంటుతాయని వాడికీ తెలుసు, నాకూ తెలుసు. ఆ మ్యాచ్ చూసి అలా చేశాడని నేననను. వాడు అంతకుముందూ అలాంటివాడే. యాంటెన్నా పట్టుకుని నిలబడ్డది వాడే కదా. డిసెంబరు 3న, 87వ రోజున, నేను కొలంబస్‌లో ఉద్యోగంలో చేరాను. వాడికి ఉద్యోగం దొరకడానికి ఇంకో ఏడు నెలలు పట్టింది.

డిష్ రూమ్‌లో పెద్దాయనకు చెప్పడానికి వెళ్లాను. తడి చేతులు ఆప్రాన్‌కి తుడుచుకుని గట్టిగా కౌగిలించుకున్నాడు. ఆరేళ్ల తర్వాత, 2014లో, షార్లెట్ జట్టుకి హార్నెట్స్ పేరు తిరిగొచ్చిందని వార్త చూడగానే ఫోన్ చేశాను. రిటైరయ్యాడు. గొంతు గుర్తుపట్టి, హలో అనకుండా "పదమూడు" అన్నాడు.

కర్రీ ఆడిన ఆ చివరి సీజన్‌లో డేవిడ్‌సన్‌కి పెద్ద టోర్నమెంట్ పిలుపు రాలేదు. కాన్ఫరెన్స్ సెమీస్‌లో కాలేజ్ ఆఫ్ చార్లెస్టన్ ఓడించింది. 2,635 పాయింట్లతో మూడేళ్లకే కాలేజీ వదిలి, ఎన్‌బీఏ జట్లు కొత్త ఆటగాళ్లను వరసగా ఎంచుకునే 2009 డ్రాఫ్ట్‌లో ఏడో పేరుగా కర్రీ గోల్డెన్ స్టేట్ జట్టుకి వెళ్లాడు. డిగ్రీ పూర్తి చేస్తానని తల్లికీ, కోచ్‌కీ మాటిచ్చి వెళ్లాడు. డేవిడ్‌సన్‌లో ఒక కట్టుబాటు ఉంది. పట్టా తీసుకోనివాడి జెర్సీని, ఎంత గొప్పవాడైనా, అరీనా కప్పుకి వేలాడదీయరు. కర్రీ ఎన్‌బీఏలో రికార్డులు బద్దలు కొడుతున్నా వాళ్లు ఆ నియమం సడలించలేదు. నాకు ఆ కాలేజీ మీద గౌరవం పెరిగింది ఇక్కడే. 2022లో అతను మిగిలిన కోర్సులు పూర్తిచేసి సోషియాలజీలో పట్టా పుచ్చుకున్నాడు. మేలో స్నాతకోత్సవం జరిగినప్పుడు ఎన్‌బీఏ టైటిల్ కోసం ఆడే ప్లేఆఫ్స్‌లో ఉన్నాడు. అందుకని ఆగస్టు 31న అతనొక్కడి కోసం బెల్క్ అరీనాలో మళ్లీ జరిపారు. గౌను వేసుకుని వచ్చాడు. 30 నంబరు జెర్సీ పైకెక్కింది. మెకిల్లప్ ఆ వేసవిలోనే రిటైరయ్యాడు.

ఇప్పుడు మేం ఉండేది రాలీ దగ్గర. కిందటి డిసెంబరులో మా అమ్మాయి బాస్కెట్‌బాల్ టోర్నమెంట్‌కని షార్లెట్ వెళ్లి, వస్తూ వస్తూ ఎగ్జిట్ 30 దగ్గర కారు తిప్పాను. మధ్యాహ్నం, మ్యాచ్ లేదు, లోపల కొద్దిమంది ప్రాక్టీస్ చేసుకుంటున్నారు. పైన 30 వేలాడుతోంది. అమ్మాయి తల ఎత్తి చూసి, "నువ్వు చూసిన రోజు ఎన్ని కొట్టాడు నాన్నా?" అంది. సున్నా అన్నాను. నేను తమాషాకి అంటున్నాననుకుంది.

హైదరాబాద్‌లో అప్పుడు రాత్రి ఒంటిగంట. అయినా వెంకన్నపాలెం వాడికి వీడియో కాల్ చేశాను. నిద్రకళ్లతో ఫోన్ ఎత్తాడు. ఎక్కడున్నానో చెప్పకుండా కెమెరా తిప్పాను. ఇటుక గోడలూ కుర్చీలూ చూసి లేచి కూర్చున్నాడు. పైన వేలాడే జెర్సీ చూపించబోతే వద్దన్నాడు.

"అది కాదు మామా. ఆ మూల చూపించు."